మంచం మోసేవాళ్లు

ప్రశ్న: అమ్మా, వందనాలు. మాది ఒడిశా గజపతి జిల్లాలో కాశీనగర్ దగ్గర ఒక పల్లె. మావారి సొంత ఊరు ఆంధ్రలో, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు. ఇక్కడికి వచ్చి సైకిళ్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నారు. రెండు కిడ్నీలూ పాడై పద్నాలుగు నెలలుగా డయాలిసిస్ చేయించుకుంటున్నారు. దుకాణం మూతపడింది. వారానికి మూడు రోజులు తెల్లవారుజామున బస్సెక్కితే చీకటి పడ్డాక ఇల్లు చేరతాం. మొదటి రెండు నెలలు సంఘం వాళ్లు వచ్చారు, పళ్లు తెచ్చారు, ప్రార్థన చేశారు. ఇప్పుడు ఎవరూ రావడం లేదు. ఈమధ్య కూటాలకు వచ్చిన ఒక బోధకుడు మావారి తల మీద చేతులుంచి, ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉందనీ, విశ్వాసం ఉంటే ఆ డయాలిసిస్ యంత్రంతో పని లేదనీ అందరి ముందూ అన్నాడు. అప్పటి నుంచి ఈయన "ఇంక మానేస్తాను, ప్రభువే చూసుకుంటాడు" అంటున్నారు. మా అత్తగారి అక్కేమో అమ్మవారిని వదిలేసినందుకే ఇలా అయిందంటోంది. నాకు ప్రార్థన రావడం లేదు. మోకరిస్తే దేవుడి మీద కోపం వస్తోంది. మేము ఆసుపత్రికి వెళ్లిన రోజుల్లో మా పిల్లలకు అన్నం పెట్టేది పక్కింటి ఒడియా ఆవిడ. ఆమెది మా మతం కాదు. మా సంఘం కంటే ఆమే నయం అనిపిస్తుంది, అలా అనిపించినందుకు సిగ్గు వేస్తుంది. నేను విశ్వాసంలో పడిపోయానా? ఏం చేయమంటారు?

సమాధానం:

చెల్లీ,

మీరు చాలా ప్రశ్నలు అడిగారు. వాటిలో ఒక్కదానికే గడువు ఉంది కాబట్టి ముందు దానికి జవాబు చెబుతాను. మీవారి వచ్చే డయాలిసిస్ తప్పకూడదు. దాని తర్వాతిదీ తప్పకూడదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా మిషనరీ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేశాను. ఈ ఒక్క మాట నర్సుగా చెబుతున్నాను, మిగతావి విశ్వాసిగా చెబుతాను. కిడ్నీలు పనిచేయనప్పుడు ఒంట్లోకి వెళ్లిన నీరు బయటికి పోదు. అది ముందు కాళ్లలో, తర్వాత ఊపిరితిత్తుల్లో చేరుతుంది. పడుకుంటే ఆయాసం, లేస్తే ఆయాసం. రక్తంలో పొటాషియం పెరుగుతుంది. అది బయటికి ఏ లక్షణమూ చూపకుండానే గుండె లయను చెడగొట్టి ఆపేయగలదు. ఇదంతా నెలల మీద జరిగేది కాదు. ఒకటి రెండు డయాలిసిస్‌లు మానేసిన మనిషిని అర్ధరాత్రి స్ట్రెచర్ మీద తీసుకురావడం నా కళ్లతో చూశాను. కాబట్టి మీవారితో వాదన తర్వాత పెట్టుకోండి. ముందు బస్సెక్కించండి.

ప్రార్థనకూ వైద్యానికీ మనుషులు పోటీ పెట్టారు గాని లేఖనం పెట్టలేదు. అపొస్తలుడైన పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడు, "ప్రియుడైన వైద్యుడు" అనే పౌలు అతని గురించి రాశాడు. ఎందరినో స్వస్థపరచిన ఆ పౌలే తన తోటివాడు త్రోఫిము జబ్బుపడితే మిలేతులో విడిచి రావలసి వచ్చిందని రెండో తిమోతి పత్రిక చివర్లో రాసుకున్నాడు. తరచుగా జబ్బుపడే తిమోతికి కడుపు కోసం ఏం పుచ్చుకోవాలో చెప్పాడే తప్ప, నీ విశ్వాసం తక్కువైందని అనలేదు. తన శరీరంలోని ముల్లు తీసేయమని తానే మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు. వీళ్లలో ఎవరిని ఆ బోధకుడు విశ్వాసం లేనివాడంటాడు?

ఇంకొక మాట. తప్పయితే మన్నించండి, కానీ ఇది చెప్పకుండా ఉండలేను. "ప్రభువే చూసుకుంటాడు, మానేస్తాను" అని మీవారు అంటున్నప్పుడు ఆ మాట కింద వేరే మాట ఉందేమో వినండి. దుకాణం మూతపడింది. వారానికి మూడు రోజులు మీ పనులు ఆగిపోతున్నాయి, బస్సు ఛార్జీలు అవుతున్నాయి, పిల్లలు పక్కింట్లో తింటున్నారు. ఇవన్నీ ఆయన మంచం మీద నుంచి చూస్తున్నారు. "నా వల్ల వీళ్లు నలిగిపోతున్నారు, నేను తప్పుకుంటే వీళ్లకు తేలిక" అనుకునే మగవాళ్లను డయాలిసిస్ గదిలో ఎందరినో చూశాను. ఆ మాట నోటితో అనడానికి మనసొప్పదు. విశ్వాసం పేరు చెబితే గౌరవంగా ఉంటుంది. అందుకే వాక్యాలతో వాదించకుండా, ఇద్దరే ఉన్నప్పుడు సూటిగా అడగండి: "మాకు భారమయ్యాననుకుని మానేస్తానంటున్నారా?" అవునంటే, ఇక బతకాలని లేదని ఏ మాత్రం ధ్వనించినా, ఆ సంగతి డయాలిసిస్ డాక్టరుకు చెప్పండి. 14416కు ఫోను చేయండి. అది టెలీ మానస్, 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ. రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు. మీకోసం కూడా చేయవచ్చు. పద్నాలుగు నెలలుగా సరైన నిద్ర లేని మనిషి మీరు.

ఇక పాపం సంగతి.

మీవారిది ఉద్దానమని రాశారు. ఆ పేరు వినగానే ఇక్కడివాళ్ల గుండె ఎందుకు జారుతుందో మీకు తెలుసు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడితోటలతో పచ్చగా ఉండే ఆ పల్లెల్లో ఏ వీధికి వెళ్లినా కిడ్నీ జబ్బు ఉన్న ఇల్లు కనిపిస్తుంది. నీళ్లా, నేలా, ఎండలో పనా, వంశపారంపర్యమా అని దశాబ్దాలుగా పరిశోధిస్తున్నా అసలు కారణం ఇదని ఇంతవరకు తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారంటే అక్కడ బాధ ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఆ జబ్బు గుడికి వెళ్లేవాళ్లకు వచ్చింది, మసీదుకు వెళ్లేవాళ్లకు వచ్చింది, మన చర్చిల్లో పాటలు పాడేవాళ్లకూ వచ్చింది. ఆ బోధకుడి లెక్క ప్రకారం ఆ తోటల్లో కొబ్బరి దింపు తీసినవాళ్లూ జీడిపిక్కలు ఒలిచిన ఆడవాళ్లూ అందరూ దాచుకున్న పాపాల వల్లే మంచాన పడ్డారనాలి. అనగలడా?

ఇదే ప్రశ్న యేసు ముందుకూ వచ్చింది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో ఉన్న మిగతావాళ్లకంటే ఎక్కువ పాపులనుకుంటున్నారా, కారని మీతో చెబుతున్నాను అన్నాడాయన. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం చేసింది వీడా వీడి కన్నవాళ్లా అని శిష్యులే అడిగారు. "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని జవాబిచ్చాడు. ఇది యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఉంది. మీవారికి గట్టిగా చదివి వినిపించండి. మనమెవరమూ పాపం లేనివాళ్లం కాదు, ఆ సంగతి వేరు. ఫలానా జబ్బుకు ఫలానా పాపమని ముడివేసే అధికారం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

మీ పెద్దత్తగారి మాట కూడా ఇలాంటిదే. అమ్మవారికి కోపం వచ్చిందని ఆమె అంటున్నారు, దేవుడికి కోపం వచ్చిందని బోధకుడు అంటున్నాడు. ఇద్దరికీ ఒక దోషి కావాలి. దోషి దొరికితే మన ఇంటికి ఈ ఆపద రాదులే అని మనసు కుదుటపడుతుంది. అయితే ఇద్దరినీ ఒక్కలా చూడలేను. పెద్దావిడది భయం. చెల్లెలి కొడుకు కళ్లముందు చిక్కిపోతుంటే ఆమెకు తెలిసిన దారిలో ఆమె వెతుక్కుంటున్నారు. ఆమెతో పోట్లాడకండి. ఆమె మనసు నొప్పించకుండా "పెద్దమ్మా, మీకు ఆయన మీద ఎంత ప్రేమో నాకు తెలుసు" అనండి చాలు. బోధకుడు మాత్రం మైకులో మాట్లాడాడు. రోగి పరువు పదిమందిలో తీశాడు, మందు మానమన్నాడు, మరుసటి రోజు వేరే ఊరు వెళ్లిపోయాడు. మీ పాస్టరు గారి దగ్గరకు వెళ్లి, ఆ వేదిక మీద జరిగినదాన్ని అదే సంఘం ముందు సరిదిద్దమని అడిగే హక్కు మీకుంది. ఒంటరిగా వెళ్లలేకపోతే ఈ పేజీ తీసుకెళ్లండి.

నేనూ అలాంటి మాట ఒకటి అన్నాను. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కొండ మీది ఊరి నుంచి ఒక చిన్న వయసు తల్లి మలేరియాతో ఒళ్లు కాలిపోతున్న బిడ్డను తెచ్చింది. తెల్లారేలోపు బిడ్డ పోయింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "దేవుడు తనకు నచ్చిన పువ్వు కోసుకున్నాడమ్మా" అన్నాను. ఆ పిల్ల నా వైపు చూసి, "ఆయనకు వేరే పూలు లేవా?" అంది. నా దగ్గర జవాబు లేదు, ఈ రోజుకీ లేదు. అప్పుడు మా వార్డు ఆయా, బొత్తిగా చదువు రానిది, కింద కూర్చుని ఆ తల్లి తల ఒళ్లో పెట్టుకుని, చిక్కులు పడిన జుట్టుకు నూనె రాసి, దువ్వి జడ వేసింది. ఒక్క వాక్యమూ చెప్పలేదు. ఊరివాళ్లు వచ్చేదాకా అలాగే కూర్చుంది. అన్నీ పోగొట్టుకుని జబ్బుపడిన యోబు దగ్గరకు వచ్చిన స్నేహితులు కూడా మొదటి ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ నోరు మెదపకుండా నేల మీద అతని పక్కనే కూర్చున్నారు. వాళ్లు చేసిన మేలంతా ఆ ఏడు రోజుల్లోనే ఉంది. నోరు తెరిచాకే చెడింది. చివరికి దేవుడు వాళ్ల మీదే కోపగించాడు, తనతో వాదించిన యోబు పలికిందే యుక్తమన్నాడు.

ఇక మీ ప్రశ్నలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ పట్టుకున్న మాట. "నేను విశ్వాసంలో పడిపోయానా?"

మార్కు సువార్త రెండో అధ్యాయంలో పక్షవాతం వచ్చిన మనిషి కథ మీకు సండే స్కూలు నుంచీ తెలుసు. నలుగురు అతన్ని మోసుకొచ్చారు. జనం వల్ల లోపలికి దారి లేక ఇంటి కప్పు విప్పి పరుపుతో పాటు దించారు. అక్కడ ఒక మాట ఉంది, మనం చదువుకుంటూ దాటిపోతాం. "యేసు వారి విశ్వాసము చూచి" అని ఉంది. ఎవరి విశ్వాసం? మోసినవాళ్లది. పడుకున్న మనిషికి విశ్వాసం ఉందో లేదో మార్కు రాయలేదు, యేసు అడగలేదు. ఆ మనిషి నోట ఒక్క మాట కూడా రాలేదు. నీ పాపములు క్షమింపబడియున్నవని యేసు అన్నాడు కదా, అంటే పాపం వల్లే జబ్బు కదా అని ఎవరైనా మీతో అనవచ్చు. ఆయన క్షమించాడు, నిజమే. ఏం పాపం చేశావని నిలదీయలేదు, పదిమందిలో ఒప్పుకోమనలేదు, ముందు ఆ మంచం వదిలి నీ విశ్వాసం చూపించమని షరతు పెట్టలేదు.

ఈ కథ మనవాళ్లకు అర్థమైనంతగా పట్నంవాళ్లకు అర్థం కాదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. మన గజపతి కొండల్లో, అటు రాయగడ కొండల్లో, బండి దారి లేని సవర గిరిజనుల పల్లెల నుంచి రోగిని ఎలా దింపుతారో మీరు చూసే ఉంటారు. డోలీ కడతారు, లేదంటే మంచానికే కర్రలు కట్టి భుజాన వేసుకుంటారు. ఆసుపత్రి గుమ్మంలో ఆ మంచాలు దించుకున్న రోజులు నావి. మోసేది నలుగురే అయినా వచ్చేది ఎనిమిది, పది మంది. మిగతావాళ్లు ఖాళీ చేతులతో వెనక నడుస్తారు. కొంత దూరం పోయాక, మంచం నేల మీద దించకుండానే ఒకడు పక్కకు తప్పుకుంటే ఇంకొకడు భుజం అందిస్తాడు. నలుగురే మొదటి నుంచి చివరిదాకా మోస్తామంటే ఆ వాలు దిగలేరు. దమ్ము చాలక దారిలోనే కూలబడతారు. అది వాళ్లలో ప్రేమ తక్కువై కాదు.

మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది అదే. ఆ మంచాన్ని పద్నాలుగు నెలలుగా మీరొక్కరే మోస్తున్నారు. భుజం కాయలు కాసిన మనిషికి పాట రాదు, ప్రార్థన రాదు. అది విశ్వాసంలో పడిపోవడం కాదు. పడిపోయినవాళ్లు ఇలా ఉత్తరాలు రాయరు, తెల్లవారుజామున లేచి బస్సు కోసం నిలబడరు.

సంఘం ఎందుకు రావడం లేదని మీరు బాధపడుతున్నారు. వాళ్లను వెనకేసుకురావడానికి కాదు గాని, నాకు తెలిసింది చెబుతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మన మీదుగా పోయిన రోజు గుర్తుందా? ఉద్దానంలో కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి, గజపతి కొండల్లో చరియలు విరిగి మనుషులే కొట్టుకుపోయారు. ఆ వారం మనం ఎలా ఉన్నామో ఒకసారి తలుచుకోండి. ఎవరి చర్చి కప్పు మిగిలితే అందులో అందరూ పడుకున్నాం. ఎవరి ఇంట్లో బియ్యం తడవకుండా ఉంటే అవి ఒకే గిన్నెలో వండుకున్నాం. ఎవరు తెలుగు, ఎవరు ఒడియా, ఎవరు సవర అని చూడలేదు. ఆపద అందరి మీదా ఒకేసారి పడింది కాబట్టి ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. డయాలిసిస్ అలా కాదు. ఒక్క ఇంటి మీదే పడుతుంది, మళ్లీ మళ్లీ పడుతుంది. చెట్టు కూలితే కనిపిస్తుంది, కిడ్నీ కూలితే కనిపించదు. మొదటి నెలలో వచ్చి పళ్లిచ్చి ప్రార్థన చేసిన మనిషికి మూడో నెలలో ఏం చేయాలో తోచదు. ఉత్త చేతులతో రావడానికి మొహమాటం. స్వస్థత కలగాలని గట్టిగా ప్రార్థించాం, కలగలేదు, ఇప్పుడు ఏ మొహంతో వెళ్లాలి అనే సిగ్గు కూడా కొందరిలో ఉంటుంది. ఇది సాకు కాదు, నేరమే. కానీ తిరిగి రాగల దారి ఉన్న నేరం.

ఆ దారి మీరు చూపించవలసి రావడం న్యాయం కాదు. అయినా చూపించండి. "ఏదైనా సాయం కావాలంటే చెప్పండి" అన్నవాళ్లకు ఏమీ వద్దండీ అని చెప్పడం ఇక మానేయండి. పని పేరు పెట్టి, రోజు పేరు పెట్టి, మనిషి పేరు పెట్టి అడగండి. మంగళవారం ఆయన వెంట బస్సులో వెళ్లి నాలుగు గంటలు పక్కన కూర్చోవడానికి ఫలానా తమ్ముడు. గురువారం ఫలానా అన్నయ్య. ఆ సాయంత్రం అన్నం, కూర స్త్రీల సమాజంలో ఫలానా అక్క. దుకాణంలో ఉన్న పనిముట్లు, విడిభాగాలు లెక్కచూసి అమ్మాలో అద్దెకివ్వాలో తేల్చడానికి వ్యాపారం తెలిసిన ఒక పెద్ద. ఆసుపత్రి కార్డు సంగతి చూడటానికి కాగితాలు తెలిసిన ఒక యువకుడు. పేదలకు ఉచిత డయాలిసిస్ కోసం 2016లో జాతీయ కార్యక్రమం మొదలైంది. ఒడిశాలో ఉచిత వైద్యానికి గోపబంధు కార్డు, ఆయుష్మాన్ కార్డు కలిపి నడుస్తున్నాయి. జిల్లా ఆసుపత్రిలో ఖాళీ ఉందా, సరిహద్దు దాటి ఆంధ్రలో చేయించుకుంటే మీ కార్డు చెల్లుతుందా అని ఒక పూట తిరిగి కనుక్కునే మనిషి దొరికితే, ఆ తమ్ముడు చేసిన ప్రార్థన అదే.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పాస్టరు గారి భార్య చేతికివ్వండి. పాస్టరు గారికి కాకుండా ఆమెకు ఎందుకంటున్నానంటే, ఏ ఇంట్లో ఎవరికి ఏ రోజు తీరిక ఉంటుందో ఆమెకే బాగా తెలుస్తుంది. ఇది నా అనుభవం. ఎనిమిది మంది దొరికితే ఒక్కొక్కరికి నెలలో ఒకటి రెండు రోజులకు మించి పడదు. అదే భుజం మార్చుకోవడం. "ఒకని భారముల నొకడు భరించి" అని గలతీ పత్రికలో ఉన్నది ఇలాంటి పనుల గురించే. అదే అధ్యాయంలో "ప్రతివాడును తన బరువు తానే భరించుకొనవలెను" అని కూడా ఉంది కదా అని ఎవరైనా మీ నోరు మూయించబోతే, మూల గ్రీకులో ఆ రెండూ వేర్వేరు మాటలని చెప్పండి. ఎవరి మూట వాళ్లు మోసుకోవాలి, నిజమే. మంచం మూట కాదు.

వచ్చేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. మన ప్రాంతంలో రోగిని చూడటానికి కొబ్బరి బోండాలో అరటిపళ్లో లేకుండా రారు. డయాలిసిస్ మనిషికి ఆ రెండూ ప్రమాదం, వాటిలో పొటాషియం ఎక్కువ. ప్రేమతో తెచ్చిన కొబ్బరినీళ్లే గుండెకు చేటు చేస్తాయి. ఎండుచేప, ఆవకాయ కూడా వద్దు, ఉప్పు దాహం పెంచుతుంది. రోజుకు ఎన్ని నీళ్లన్న లెక్క డాక్టరు చెప్పినట్టే. మీవారు ఉపవాస ప్రార్థనలో కూర్చుంటానంటే, ముందు డాక్టరును అడిగే కూర్చోవాలి. ప్రభురాత్రి భోజనపు చిన్న గిన్నెడు రసం వల్ల ఏ భయమూ లేదు, దానికి దూరం కానివ్వకండి. చేతులుంచి ప్రార్థించేవాళ్లు ఆయన ఫిస్టులా (డయాలిసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి చేసిన చోటు) ఉన్న చేతిని గట్టిగా పట్టుకోకూడదు, నొక్కకూడదు. యాకోబు పత్రికలో చెప్పినట్టు పెద్దలు వచ్చి నూనె రాసి ప్రార్థిస్తే మంచిదే, నుదుటికి రాయమనండి. బలవంతులైన యువకులు ప్రేమకొద్దీ ఆ చేయి పట్టుకుని ఊపేస్తూ ప్రార్థించడం నేను చూశాను. ఆ చేయి పాడైతే ఆయన ప్రాణానికి ఉన్న దారి పాడైనట్టే.

మీ కోపం గురించి. మోకరిస్తే దేవుడి మీద కోపం వస్తోందన్నారు. ఆ కోపంతోనే మోకరించండి. కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన తీసి చదవండి. మిగతా విలాప కీర్తనలు చాలావరకు ఏడుపుతో మొదలైనా చివరకు స్తోత్రంలోకో నమ్మికలోకో తిరుగుతాయి. ఇది తిరగదు. స్నేహితులు దూరమయ్యారు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడే ఆగిపోతుంది. అలాంటి మాటను దేవుడు తన గ్రంథంలో ఉండనిచ్చాడు. కొట్టివేయలేదు, చివర ఒక హల్లెలూయ చేర్చలేదు. "నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి" అన్న ఇరవై రెండో కీర్తన మాటను యేసు సిలువ మీద తన నోట పలికాడు. అంతకు ముందు రాత్రి గెత్సేమనేలో ఆయన స్నేహితులను అడిగింది, తనతో పాటు మెలకువగా ఉండమని. వాళ్లు నిద్రపోయారు. అడిగి, అడిగినవాళ్లు నిద్రపోతే ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు చెల్లీ. మీ మాటలు ఆయనకు కొత్తవి కావు. ఇంకా మాటలు రాకపోతే మానేయండి. కొన్నాళ్లు మీ వంతు ప్రార్థన వేరేవాళ్లు చేస్తారు. ఈ ఊళ్లో మా కుటుంబ ప్రార్థనలో మీ ఇల్లు ఉంది.

మీ పక్కింటావిడ విషయంలో సిగ్గెందుకు? ఏలీయా ఆకలితో ఉన్నప్పుడు దేవుడు అతన్ని ఇశ్రాయేలులో ఏ భక్తురాలి ఇంటికీ పంపలేదు. సీదోను దేశంలోని సారెపతుకు, వేరే దేవుణ్ణి కొలిచే జనం మధ్య ఉన్న ఒక విధవరాలి ఇంటికి పంపాడు. ఆమె చేతి రొట్టె తిని ప్రవక్త బతికాడు. నజరేతు సమాజమందిరంలో యేసు ఆ సంగతి గుర్తుచేస్తే సొంత ఊరివాళ్లే ఆయన్ని కొండ మీద నుంచి తోసేయబోయారు. మనవాళ్లకంటే పరాయివాళ్లు మేలు చేశారని వినడం ఎప్పుడూ కష్టమే. మీకు అనిపించింది నిజం, దాన్ని దాచుకోకండి. సంఘంలో సాక్ష్యం చెప్పే రోజు వస్తే ముందు ఆమె పేరు చెప్పండి. ఆమె చేతిలో చేయి వేసి కృతజ్ఞత చెప్పండి, మీ మతం గురించి ఏ మాటా కలపకుండా. ఆమె పెట్టిన అన్నానికి బదులుగా వాక్యం వినిపించాలనే తొందర వద్దు.

ఇది చదువుతున్న సంఘ పెద్దలతో ఒక్క మాట. మీ సంఘం పుస్తకంలో గత ఏడాది జబ్బుపడినవాళ్ల పేర్లు చూడండి. వాళ్లలో ఇంకా కోలుకోనివాళ్ల ఇళ్లకు ఈ వారం వెళ్లండి. క్షమించమని అడగండి, ఆలస్యమైందని ఒప్పుకోండి, కారణాలు చెప్పకండి. ప్రార్థన చిన్నది చేయండి. తర్వాత, రేపు బస్సుకు ఎవరు తోడు వస్తున్నారని అడగండి.

మీరు ఆదివారం ఆరాధనకు వెళ్లడం మానేశానని రాయలేదు గాని, ఉత్తరమంతా చదివితే మానేశారేమో అనిపించింది. వెళ్లలేని ఆదివారాలు వెళ్లకండి. వెళ్లిన రోజు వెనక తలుపు దగ్గర కాకుండా, ఆ పాస్టరు గారి భార్య పక్కన కూర్చోండి. పాట రాకపోతే ఆమె పాడుతుంటే వినండి.

ఇంకొకటి. ఉత్తరంలో అంతటా "మావారు" అనే రాశారు, ఆయన పేరు రాయలేదు. రోజూ సాయంత్రం మేము "ఆ సైకిలు దుకాణం తమ్ముడు" అని ప్రార్థిస్తున్నాం. ఈసారి రాసేటప్పుడు పేరు రాయండి. మంగళవారం బస్సులో ఆయన పక్కన ఎవరు కూర్చున్నారో అది కూడా.